నూనె మరక పడని పేజీలు

ఆ వానాకాలం మా ఇంట్లో గోడలకంటే దుప్పట్లు ఎక్కువ. లాడ్జి నుంచి ఉతకడానికి వచ్చినవి ఎండ లేక ఆరక, ముందుగది నుంచి వంటింటి దాకా కట్టిన తాళ్ల మీద వేలాడుతూ ఉండేవి. ఇటునుంచి అటు పోవాలంటే తడిగుడ్డని మొహంతో తోసుకుంటూ పోవాల్సిందే. ఆ దుప్పట్ల వెనకాల ఎక్కడో ఒక మంచం, ఆ మంచం మీద కుడికాలికి సిమెంటు కట్టుతో మా బావ.

బావ సరుకు ఓడల్లో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. ఇంజన్‌కి నూనె పెట్టడం, కారిన నూనె తుడవడం అతని పని. ఆ నూనె మీదే జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. "తుడవాల్సినవాణ్ణీ నేనే, జారినవాణ్ణీ నేనే. ఇక ఎవణ్ణని తిట్టుకోను?" అని చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

మామూలుగా ఏడాదికి ఒక నెల ఉండేవాడు ఇంట్లో. ఆ నెల చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకునేవాళ్లం. ఈసారి వానలతోపాటు వచ్చినవాడు కదల్లేదు. అక్కా బావల పాప అతన్ని "ఓడ నాన్న" అనేది. ఇంకో నాన్న ఉన్నాడని కాదు, ఎవరో అలా అంటే విని పట్టుకుంది. ఒకరోజు నా చెవి దగ్గరకొచ్చి, "పిన్నీ, ఓడ నాన్న ఇంకా వెళ్లలేదేంటి?" అని అడిగింది. బావ విననట్టు పక్కకి తిరిగాడు.

నేను ఊళ్లో చదువు అవగొట్టి అక్కకి సాయంగా వచ్చాను. అక్క ఉతికి ఇస్త్రీ చేస్తే నేను మడతపెట్టి, మూటలు కట్టి, సైకిల్ మీద లాడ్జికి చేరవేసేదాన్ని. నాకు మాటలు తక్కువ. కానీ చదవమంటే చదువుతాను. మా బళ్లో తరగతికంతటికీ ఒకటే పుస్తకం ఉన్న రోజులుండేవి. నిలబడి అందరికీ వినపడేలా చదివే పని నాకే పడేది. ఈ సంగతి అక్క చెప్పగానే బావ లేచి కూర్చున్నాడు.

"అయితే ఆ పెట్టె ఇలా లాగు పంతులమ్మా!"

ఆరోజు నుంచి నా పేరు పంతులమ్మ.

పెట్టెలో బట్టలు అడుగున, పుస్తకాలు పైన. పుస్తకాలు కూడా కావు, ముక్కలు. అట్టల మీద రాకెట్లు, గాజుబుర్ర టోపీలు పెట్టుకున్న మనుషులు, కొమ్ముల జంతువులు. అన్నీ సినిమా బొమ్మలే. వచ్చే సినిమాలన్నిటికీ నవలలు రాయించి అమ్ముతారట. రేవుల్లో పాత పుస్తకాల బండి మీద దొరికితే ఓడవాళ్లు కొనుక్కుంటారు. కొన్న పుస్తకాన్ని వీపు విరిచి మూడు ముక్కలు చేస్తారు.

"అదేంటి బావా, పుస్తకాన్ని అలా చింపుతారా?"

"షిఫ్టుకో ముక్క. మనుషులు ఎక్కువ, పుస్తకం ఒకటి. మొదటి ముక్క వీళ్ల దగ్గరుంటే చివరిది వాళ్ల దగ్గర. కథ తెలిసిందేగా, సినిమా చూసేశాం. ఎక్కడ మొదలుపెడితే ఏం?" అని, "ఇంజన్ చప్పుడులో ఒకడు గొంతు చించుకుని చదివేవాడు, మిగతావాళ్లం వినేవాళ్లం. నాకు అలాగే అలవాటు. చూసి చదివితే ఎక్కదు," అన్నాడు.

దీపాలు పెట్టేవేళకి మొదలయ్యేది. బావ మంచం మీద, పాప అతని మంచి కాలి పక్కన, నేను గడప దగ్గర. వంటింటి వైపు ఇస్త్రీబల్ల దగ్గర అక్క. ఆమె మాకు కనిపించేది కాదు. దుప్పటి వెనకాల చెయ్యి ముందుకీ వెనక్కీ కదలడం మాత్రం తెలిసేది.

బావ నన్ను నాలుగు వాక్యాలు తిన్నగా చదవనిచ్చేవాడు కాదు. "సినిమాలో ఇలా లేదు!" అని అడ్డం వచ్చేవాడు. సినిమాలో పేలిపోయిన వంతెన పుస్తకంలో పేలేది కాదు. సినిమాలో మిణుకు మిణుకుమనే మరమనిషి పుస్తకంలో కూర్చుని దిగులుపడేది. రాసేవాళ్లకి సినిమా చూపించరట. తీయకముందే కథ కాగితాలు చేతికిచ్చి, విడుదల నాటికి పుస్తకం కావాలంటారట. ఆ కాగితాల్లో లేనిదంతా వాళ్లే ఊహించుకోవాలి. అట్ట అడుగున చీమల్లా ఉండే ఆ రాసినవాళ్ల పేర్లని నేను వేలితో తుడిచి చదివేదాన్ని.

రెండో పుస్తకం దగ్గర పెద్ద గొడవే అయింది. ముందురోజు కథలో చచ్చిపోయిన రాక్షసి పురుగు లేచి కూర్చుంది. కెప్టెన్ ఉన్నట్టుండి ఆడమనిషి అయిపోయింది. నేను ఆగి, "ఏదో తేడాగా ఉంది బావా," అన్నాను.

"తేడా ఏం లేదు. అది వేరే పురుగు. దాని తమ్ముడు."

"మరి కెప్టెన్?"

"మారువేషం. నువ్వు చదువు."

ఆ సాయంత్రం అంతా మారువేషంలోనే నడిపించాం. పాపకి ఏ అనుమానమూ రాలేదు. మర్నాడు పేజీల నంబర్లు చూస్తే తెలిసింది, ఎవరో ఇంకో పుస్తకం మధ్యముక్క తెచ్చి దీనికి పురికొసతో కుట్టేశారు.

"మా వంటవాడి పనే!" అన్నాడు బావ తొణక్కుండా. "ఉప్పూ పంచదారా కూడా వాడు అలాగే కలిపేవాడు."

దుప్పటి వెనకనుంచి అక్క నవ్వింది. ఆ వానాకాలంలో ఆమె నవ్వు వినడం అదే మొదలు. నవ్వి, వెంటనే, "పాపా, లే, అన్నం తిను," అంది, నవ్వినందుకు ఏదో పని ఆగిపోయినట్టు.

అక్క అలిసిపోయి ఉండేది. చేతుల అలసట ఒకటి ఉండేది, అది పడుకుంటే పోయేది. ఇంకొకటి పోయేది కాదు. బావ పెళ్లయినప్పటి నుంచీ, ఓడ ఎక్కే ప్రతిసారీ ఒక మాట అనేవాడు: "ఇదే ఆఖరు ట్రిప్పు. వచ్చాక రేవు ఊళ్లో మోటార్ల షాపు పెట్టుకుందాం." ఎనిమిదేళ్లుగా అదే మాట. ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమేగా అని అక్క ఈ ఇంటికి ఏదీ చేయించేది కాదు. వాన కారే చోట గిన్నె పెట్టేది. పెళ్లినాటి సామాను సగం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. పాపని బళ్లో వేయమంటే, "అక్కడికి వెళ్లాక వేద్దాం," అనేది. అలాగని నమ్మినట్టూ ఉండేది కాదు. నమ్మకపోతే ఏం చేయాలో తెలియనట్టు ఉండేది.

అలాంటి సమయంలో లాడ్జి ఆవిడ కబురు పెట్టింది. నేను మూట దించుతుంటే కళ్లజోడు పైకి తోసుకుని చెప్పింది.

"కింద గదిలో మిషన్లు పెట్టిస్తున్నానమ్మాయ్. ఉతికేవి, ఆరబెట్టేవి. మీ అక్క వచ్చి చూసుకుంటానంటే గది మొత్తం ఆవిడకే అప్పజెప్తా. చేతికింద మనుషుల్ని కూడా ఇస్తా. వానలు వెలిసేలోపు అవునో కాదో తేల్చమను."

"కాదంటే?"

"కాదంటే ఇంకొకళ్లు. మిషన్లు పెట్టుకుని ఇళ్లకి బట్టలు పంపను కదా!"

అక్కకి చెప్పాను. ఇస్త్రీపెట్టె ఆపకుండా విని, "చూద్దాం," అంది. బావ మంచం వైపు ఒకసారి చూసింది. అతను ఏమన్నా అంటాడేమోనని నేనూ చూశాను. బావ పైకప్పు చూస్తున్నాడు.

తర్వాత కొన్నాళ్లకి ఓడల ఏజెంటు వచ్చాడు. గొడుగు మూసి లోపల అడుగుపెట్టేసరికి తడి దుప్పటి మొహానికి చుట్టుకుంది. "ఇదేంటయ్యా, తెరచాపల ఓడలోకి వచ్చానా?" అంటూ విడిపించుకుని బావ కాలు తట్టి చూశాడు. "ముసురు తగ్గేటప్పటికి ఒకటి బయల్దేరుతోంది. నీ చోటు నీకు ఉంచమన్నా. ఏమంటావ్?"

బావ వంటింటి వైపు చూశాడు. అక్క ఆగలేదు.

"చూద్దాం," అన్నాడు బావ.

ఇద్దరూ చూద్దామన్నారు. ఎవరి మొహం ఎవరూ చూడలేదు. పెదవి విప్పితే ఎవరి నోట ముందు కాదనే మాట వస్తుందోనని ఇద్దరికీ భయం అని నాకు అనిపించింది. చిన్నదాన్ని, మధ్యలో దూరడానికి నేనెవర్ని? చీకటి పడగానే మూడో పుస్తకం తీశాను.

అది బావకి అన్నిటికంటే ఇష్టమైన సినిమాది. దూరపు గ్రహం దగ్గర చెడిపోయిన అంతరిక్ష స్టేషన్‌ని లాక్కు రావడానికి ఒక ఓడ బయల్దేరుతుంది. అందులో ఇంజన్ చూసే మెకానిక్ ఉంటాడు. అందుకే బావకి అది ఇష్టం. "మిగతా సినిమాల్లో చూడు, అంతంత ఓడలు గాల్లో పరిగెడతాయి, ఒక్కడి చేతికైనా మసి ఉండదు. వీడి చేతికి ఉంటుంది."

మొదటి ముక్క చివర్లో ఒక విచిత్రం గమనించాను. పేలుళ్లూ ఛేజింగులూ ఉన్న పేజీలన్నీ నల్లటి వేలిముద్రలతో, నూనె మరకలతో జిడ్డుగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా నలభై దాకా పేజీలు తెల్లగా, శుభ్రంగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. షిఫ్టులో ఎవరూ వాటిని తెరిచినట్టు లేదు. గోటితో విడదీశాను. ఆ పేజీలన్నీ మెకానిక్ పెళ్లాం గురించి.

"అవి తిప్పెయ్యి పంతులమ్మా," అన్నాడు బావ. "ఆవిడ సినిమాలో ఉండేది రెండుసార్లు. మొదట్లో చెయ్యి ఊపుతుంది, చివర్లో పరిగెత్తుకొస్తుంది. అంతే. మేమూ తిప్పేసేవాళ్లం."

నేను తిప్పబోయాను.

"చదవవే," అంది అక్క దుప్పటి వెనకనుంచి.

చదివాను.

మెకానిక్ పెళ్లాం వారానికోసారి రేడియో గదికి వెళ్తుంది. అతని మాట అంత దూరం నుంచి రావడానికి పూటలకి పూటలు పడుతుంది. "ఒంట్లో బాగుందా?" అని అతను అడిగింది ఆమెకి అందేసరికి ఆమె ఒంట్లో ఏమున్నా మారిపోయి ఉంటుంది. ఆమె జవాబు అతనికి చేరేసరికి అతను అడిగిన సంగతే మర్చిపోయి ఉంటాడు. మొదట్లో ఆమె ప్రశ్న కోసం కూర్చుని, జవాబు చెప్పి, మళ్లీ కూర్చునేది. తర్వాత్తర్వాత ప్రశ్న కోసం ఆగడం మానేసింది. వెళ్లి, తన రోజు ఎలా గడిచిందో చెప్పేసి వచ్చేది. కుళాయి పాడైంది, బాగుచేశాను. పక్కింటావిడతో మాటలు లేవు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి. ఇలాంటివే పేజీల నిండా. తుపాకీ లేదు, పురుగు లేదు. బావ రెండుసార్లు ఆవులించాడు. పాప నిద్రపోయింది. వాన చూరు మీద ఒకటే పోత.

చివరికి ఒకచోట ఆమె రేడియోలో అంటుంది: "నువ్వు లేకపోవడం నాకు కష్టం కాదు. అది అలవాటైంది. వచ్చేసి ఉండిపోతానంటావు చూడు, ఆ మాటతోనే కష్టం. ఆ మాట మోసుకుంటూ ఇంకే పనీ చేయలేకపోతున్నాను."

ఇస్త్రీపెట్టె నిలబెట్టిన చప్పుడు వినిపించింది. నేను తలెత్తలేదు. బావ ఆవులింత మధ్యలో ఆగిపోయింది. పేజీ తిప్పి చదువుకుంటూ పోయాను. అంతకంటే నాకు ఏం చేయాలో తెలియలేదు.

రేడియోలో ఆ మాట వెళ్లింది. అతనికి చేరిందో లేదో ఆ ముక్కలో లేదు. మధ్యముక్కంతా మళ్లీ జిడ్డే, యుద్ధాలే. రెండు రోజుల్లో అది చదివేశాను. మూడో ముక్క కోసం పెట్టె అడుగుదాకా వెతికితే లేదు.

"ఏ రేవులో దిగిపోయినవాడి సంచిలో పోయిందో!" అన్నాడు బావ. "పోతే పోయిందిలే, నేను చెప్తాగా. స్టేషన్ని లాక్కొచ్చేస్తారు. ఓడ దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. వీడు మెట్లు దిగుతుంటే అది దూరంనుంచి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది. వీడు, ఇక ఎక్కడికీ వెళ్లను అంటాడు. పాట. అయిపోయింది."

"ఆవిడ పరిగెత్తుకు రాదు," అంది అక్క.

దుప్పటి పక్కకి జరిపి నిలబడింది. వేడికి మొహం ఎర్రగా ఉంది.

"వస్తుందే, నేను సినిమా చూశాను!"

"సినిమాలో ఆవిణ్ణి ఎవరడిగారు గనక?"

బావ నవ్వబోయి ఆగాడు. "అయితే నువ్వు చెప్పు. ఏమవుతుంది?"

"ఆవిడకి ఆరోజు డ్యూటీ. ఇతనే దిగి, బస్సెక్కి, ఇంటికొచ్చి, తాళం తీసుకుని, అన్నం వేడిచేసుకుని తింటాడు. ఆవిడ సాయంత్రం వస్తుంది."

"అంతేనా?"

"అంతే."

"అంటే మొగుడంటే ఇష్టం లేదా ఆవిడకి?"

"ఇష్టం లేదని ఎవరన్నారండీ? డ్యూటీలో ఉందన్నాను."

దుప్పటి మళ్లీ వాలింది. ఇస్త్రీపెట్టె కదిలింది. బావ నావైపు చూశాడు, నేనేదో పుస్తకంలో లేనిది చదివినట్టు.

మర్నాడు నేను లాడ్జి నుంచి వచ్చేసరికి ఆ తెల్ల పేజీలు బావ ఒళ్లో ఉన్నాయి. చూసి చదివితే ఎక్కదన్నవాడు, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో వరసా చదువుతున్నాడు. నన్ను చూసి మూయలేదు. "ఈ మాట ఏంటి?" అని ఒకచోట చూపించాడు. చెప్పాను. మళ్లీ వేలు పెట్టాడు.

కట్టు తీసేశాక అతనికి కాలు సన్నబడి వేరేవాళ్లదిలా ఉంది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, నేను పాప జడ వేస్తుంటే, దుప్పట్లు మడతపెట్టడానికి అక్కకి సాయం వెళ్లాడు. పెద్ద దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని లాగి, ఎదురెదురుగా నడిచి కలవాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి. బావకి ఆ నడక రాలేదు. కుంటుతూ ఒకసారి ముందుకొచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"నాకు వెళ్లాలనే ఉంది," అన్నాడు.

అక్క కొసలు కలిపింది. "తెలుసు."

"షాపు పెడతానో లేదో నాకే తెలీదు. గట్టు మీద నాలుగు రోజులుంటే నాకు నిద్ర పట్టదు. నీకు బాధని చెప్పలేదు. ఆఖరు ట్రిప్పు అంటే నీ మొహం తేటగా ఉండేది, అందుకని..."

"ఎనిమిదేళ్లు గడప మీద నిలబెట్టారు నన్ను. లోపలికీ కాదు, బయటికీ కాదు. కాళ్లు పీకవా మనిషికి?"

ఆమె గొంతు పెరగలేదు. నిజంగా కాళ్లనొప్పి గురించి చెప్తున్నట్టే ఉంది. బావ ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఇదివరకటి మాట వస్తుందేమోనని నా చేతిలో జడ ఆగిపోయింది.

"సెలవుకి వస్తాను," అన్నాడు. "అంతవరకే చెప్పగలను."

అక్క కాసేపు అతన్నే చూసింది. కళ్లు నిండాయో, లేక వానవెలుతురు అలా ఉందో. మడిచిన దుప్పటి బల్ల మీద పెట్టి ఇంకొకటి లాగింది.

"సరే. ఆ కొస పట్టుకోండి. ఈసారి నేలకి తగలనివ్వకండి, మళ్లీ ఉతకాలి."

ఆ సాయంత్రమే గొడుగు తీసుకుని అక్క లాడ్జికి వెళ్లింది. మూట లేకుండా, ఖాళీ చేతులతో ఆమె ఆ వీధిలో నడవడం నేను అంతకుముందు చూడలేదు. ఒక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులతోనూ గొడుగు పట్టుకుంది.

బావ వెళ్లిన రోజు పనిదినం. అక్క పొద్దున్నే వెళ్లాలి, మిషన్లు నేర్పేవాళ్లు వస్తారు. గుమ్మం దగ్గర అతని చొక్కా కాలరు సరిచేసి, "కాలు జాగ్రత్త, చూసుకుని నడవండి," అని, అతనికంటే ముందే బయల్దేరి వెళ్లిపోయింది. అతను మలుపు తిరిగేదాకా చూసేది ఎప్పుడూ అక్కే. ఆరోజు అక్క మలుపు తిరిగేదాకా బావ చూశాడు.

పెట్టె సైకిల్ మీద పెట్టుకుని నేను బస్సు దాకా వెళ్లాను. బావ బస్సు ఎక్కబోతూ, "మీ అక్కకి చెప్పు..." అని ఆగాడు.

"ఏం చెప్పమంటావు బావా?"

ఆలోచించాడు. "ఏం లేదులే. వెళ్లానని చెప్పు."

అక్క చీకటి పడ్డాక వచ్చింది. కొత్త సబ్బు వాసన, చెవుల్లో ఇంకా మిషన్ల హోరు. మేం మాట్లాడేది సరిగ్గా వినపడక గట్టిగా మాట్లాడుతోంది. బావ వెళ్లాడని చెప్పాను. తల ఊపి, నేల మీద కూర్చుని, కాళ్లు గోడకి ఆనించుకుంది.

పాప వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, నాన్న ఏడి?"

"పనికెళ్లాడమ్మా."

"నీలాగా?"

"ఆ, నాలాగే."

పాప లేచి ఆడుకోవడానికి వెళ్లింది. నేను కంచాలు పెట్టి, అన్నం గిన్నె తెచ్చి, అక్కా అని పిలిచేసరికి, తల గోడకి వాలి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఇదివరకు నేను మంచినీళ్ల కోసం లేచిన అలికిడికే "ఎవరూ?" అనే మనిషి.

అన్నం మీద మూత పెట్టి, పాపని గట్టిగా అరవద్దని సైగ చేశాను.